ఖాళీ కుర్చీల్లో కూర్చోబెట్టిన అక్కయ్య

సభాధ్యక్షులు డాక్టరుగారికి, ముందు వరసలోని పెద్దలకు, వెనక వరస దొరికితే గాని ప్రాణం కుదుటపడని మిత్రులకు, ఇవాళ మన సేవాసంస్థ బాధ్యతల నుంచి తప్పుకుంటున్న అక్కయ్యగారికి నమస్కారం.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. అక్కయ్యతో ఒక కార్యక్రమం చేసి చూడు అని మేం దానికి తగిలించుకున్నాం. (నవ్వులు) ఎవరి సభైనా వందన సమర్పణతో ముగుస్తుంది, మాది అక్కడ మొదలవుతుంది. అతిథులు అటు వెళ్లగానే, కుర్చీలు మడవనివ్వకుండా, వచ్చినవాళ్లు కూర్చున్న చోట మమ్మల్ని తలా ఒకచోట కూర్చోబెట్టి, "బాగా జరిగిందన్న మాట పక్కన పెట్టండి. ఇక్కడ కూర్చున్న మనిషికి ఏం కష్టమైందో అది చెప్పండి" అనేవారు. కడుపులో ఎలకలు పరిగెడుతున్నా సరే, చెప్పాల్సిందే. కోశాధికారిగారూ, నవ్వకండి, స్తంభం వెనక కుర్చీలో వేదిక కనపడక మీరు గొణుక్కోవడం నేను విన్నాను. ఆ తర్వాతే కదా అక్కడ కుర్చీలు వేయడం మానేశాం.

వినపడని పిల్లలకు చెవి మిషన్లు ఇచ్చిన మొదటి ఏడాది సంగతి చెప్పాలి. వేదిక మీద ఒక పాపకి మిషన్ పెట్టారు. అది పనిచేయగానే హాలు హాలంతా ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టాం. ఆ పాప పుట్టి బుద్ధెరిగాక విన్న మొదటి శబ్దం అదే. బెదిరిపోయి, మిషన్ పీకేసి, వాళ్లమ్మ ఒళ్లో తల దూర్చి ఏడ్చింది. సంతోషం కాబోలనుకుని మేం ఇంకా గట్టిగా కొట్టాం.

అందరూ వెళ్లాక పాప కుర్చీలో అక్కయ్యే కూర్చున్నారు. ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. "ఇప్పుడు కొట్టండి" అన్నారు. కొట్టాం. కళ్లు మూసుకుని విన్నారు. "ముందు వాళ్లమ్మ గొంతు కదా వినాల్సింది" అన్నారు.

మరుసటి ఏడు వేదికే లేదు. ఒక చిన్న గదిలో బిడ్డ, అమ్మ, మిషన్ పెట్టే ఆవిడ, అంతే. మేం తలుపు బయట నోరు మూసుకుని నిలబడ్డాం. లోపల ఒకమ్మ కొడుకుని పిలిచింది. వాడు అటు తిరిగాడట. మేం చూడలేదు.

అక్కయ్యా, నాకు భయంగా ఉంది. రేపట్నుంచి మమ్మల్ని మేమే మెచ్చుకుని, కుర్చీలు మడిచేసి ఇళ్లకు పోతామేమోనని.

ఆనాటి పాప ఇప్పుడు కాలేజీలో చదువుతోంది, మూడో వరసలో వాళ్లమ్మ పక్కనే ఉంది. చప్పట్లంటే ఇప్పటికీ చిరాకేనట. అందుకని చేతులు పైకెత్తి ఊపండి, చాలు.

ఇంకొక్క మనవి. సభ అయ్యాక కుర్చీలు తియ్యకండి. అక్కయ్య కుర్చీలో నేను కూర్చుంటాను. ఇన్నేళ్లు అందరి కష్టం అడిగిన మనిషికి మాతో ఏం కష్టమైందో మేం ఒక్కనాడూ అడగలేదు. ఇవాళ అడుగుతాం అక్కయ్యా, దాచకుండా చెప్పండి. ఓపిగ్గా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. నాకు సెలవిప్పించండి. ఆవిడకి మాత్రం అప్పుడే ఇవ్వకండి.