సింగన్న కర్రకాలు, నాంచారమ్మ ఉప్పుబండి

నాంచారమ్మ మొగుడు సింగన్న రాజుగారి పటాలంలో యుద్ధానికి పోయి, ఒక కాలు అక్కడే పోగొట్టుకుని వొచ్చాడంట. రాజుగారు మంచోడేలే. అయ్యో పాపం అని కర్రకాలొకటి చేయించి, దాని మీద రాజముద్ర కాల్పించి, కాలు లేనోడివి, బండి లేకపోతే నీకు గడవదు, ఇంక నీ బండికి సుంకం లేదు పోరా అన్నాడంట. అప్పట్నించీ మొగుడూ పెళ్ళాం కొఠారు నించి ఉప్పు తోలుకొచ్చి ఊళ్ళంట అమ్ముకునేవోళ్ళు. సుంకం గేటు కాడ ఆయన పంచె పైకి లాగి కర్రకాలు చూపించేవాడు, సుంకరి ముద్ర చూసి పో సింగన్నా అనేవాడు. అట్టా బాగానే జరిగిపోతంది అనుకో.

ఏమైందంటే, సింగన్న జొరమొచ్చి సచ్చిపోయాడు. వాళ్ళల్లో పూడుస్తారు. ఇంకో పట్టింపు కూడా ఉందంట, మనిషిని మట్టిలో పెట్టేటప్పుడు ఏ అవయవమూ తక్కువ కాకూడదు, తక్కువైతే పైనున్న పెద్దోళ్ళని చేరుకోలేక దారిలోనే పడుంటాడని. అందుకని సింగన్న వాళ్ళన్న ఆ కర్రకాలు కడిగి, పసుపు రాసి, తమ్ముడికి కట్టి మరీ పూడ్చాడంట. తప్పేముంది, మీరైతే పెట్టరా? నాంచారమ్మ కూడా, పోనీలే, అక్కడన్నా తిన్నగా నడుస్తాడని ఏడ్చింది.

పెద్దదినం అయినాక బండి కట్టుకుని ఉప్పుకి పోతే, గేటు కాడ సుంకరి ఆపి కర్రకాలేదీ అన్నాడంట. ఆయన పోయాడు కదయ్యా, ఆయనతోనే పూడ్చాం అంది. సుంకరికి తల తిరిగిపోయింది. మాఫీ సింగన్నకా, కాలికా, బండికా? వాడి పైవాడు అమీను వొచ్చి, చూడమ్మా, మాఫీ కాలు లేనోడికి, మీరేమో కాలు పెట్టి పంపించారు, ఇప్పుడాయన రెండు కాళ్ళ మనిషేగా, ఆ కాలు తవ్వి తెచ్చి చూపించు, బండి వొదుల్తా, లేకపోతే జప్తు అన్నాడంట. ఏమే, నవ్వుతావేందే, ఆమెకి నవ్వొచ్చిందా?

ఇంటికొచ్చి బావగారికి చెప్పుకుంది. ఆయన కాసేపు తవ్వుదామంటాడు, కాసేపు వొద్దంటాడు. తవ్వితే తమ్ముడక్కడ కుంటతాడు, తవ్వకపోతే నువ్విక్కడ అడుక్కు తింటావు, నాకేం తోచట్లేదమ్మాయ్ అన్నాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అదీ. ఆమె గడ్డపార తీసుకుని గుంట కాడికి పోయింది, కూర్చుంది, ఏడ్చింది, లేచొచ్చేసింది. నా చేత కాదు బావగారూ, బతికినన్నాళ్ళూ ఈడ్చుకుంటానే తిరిగాడు, ఇప్పుడు నడుస్తంటే నేను పోయి కాలు లాగాలా అంది. బండి అమీనుకి వొదిలేసి, ఉప్పుగంప నెత్తినెట్టుకుని ఊళ్ళు తిరిగింది. నెత్తి మోతకి సుంకం లేదులే.

కొన్నాళ్ళకి ఈ సంగతి రాజుగారి చెవిన పడింది. అయ్యో, నా కోసం కాలు పోగొట్టుకున్నోడి పెళ్ళాం కదా, అట్టాంటి ఆడోళ్ళ బండ్లకి ఇంక సుంకం లేదని దండోరా వేయించాడంట. సుంకరి సంతోషం పట్టలేక ఎండలో పరిగెత్తుకుంటా వొచ్చి ఆమెకి చెప్పాడు. ఆమె గంప దించి, మరి నా బండేదయ్యా అంది. అమీను దాన్ని ఎప్పుడో వేలం వేసేశాడంట. బండి పోతే పోయింది, మాఫీ మాత్రం నీకుందమ్మా అన్నాడు సుంకరి.

ఆమె వాడి మొహం వంక చూసి చూసి, సరేలే, గంపెత్తు అంది. వాడే ఎత్తి నెత్తిన పెట్టాడంట. ఆ మాఫీ ఏందో ఆమెకీ అర్థం కాలా, చెప్తన్న నాకూ కాలా. మీలో ఎవరికన్నా అయితే చెప్పండి, వింటా.