రెండంగుళాల వదులు

ముందుగదిలో కుట్టుమిషన్ ఆగింది. భర్త చేతిలో రెండు దరఖాస్తులున్నాయి.

"అమ్మాయిని ఆ పెద్ద ఆటల అకాడమీలోనే వేద్దాం. గోడ నిండా కప్పులే."

"వద్దండీ. వాళ్ల జెర్సీలు కుట్టేది నేనేగా. నలభై మంది పిల్లలుంటే పదిహేనే కుట్టమంటారు. మిగతావాళ్లు బెంచీ మీదే."

"మరి ఆ చిన్న మైదానం వాళ్లో?"

"ఎంతమంది పిల్లలో అన్ని జెర్సీలు కుట్టిస్తారు నాతో. బంతి పట్టడం రాని పిల్లకైనా వీపు మీద పేరుండాలంటాడు ఆ మాస్టారు."

"వాళ్లు ఏనాడూ గెలిచింది లేదు."

"గెలవడం మన పిల్లకి ఒకళ్లు నేర్పాలా? అది నా కూతురు. ఆడనిస్తే చాలు."

"అంటే, దాని జెర్సీ అప్పుడే కుట్టేశావన్నమాట."

"పేరుతో సహా. భుజాల దగ్గర రెండంగుళాలు వదులు పెట్టాను."

"అంత వదులెందుకు?"

"ఏడాదంతా మైదానంలో ఉండబోయే పిల్లండీ. వచ్చే ఏటికి అదీ చాలదు, చూస్తూ ఉండండి."