గింజ చూడని చెరువు

"నా గొప్ప నేను చెప్పుకోకూడదు గానీ అక్కా, పోయిన వానల్లో నా చెరువులో గుప్పెడు తవుడు చల్లాను, గుప్పెడంటే గుప్పెడే," అంటూ మావయ్య మూడో బన్ను టీలో ముంచాడు.

టీకొట్టు బల్ల మీద అమ్మ, అమ్మ ఒళ్లో గంప, గంపలో, గుడ్లు పెట్టి మా ఇల్లు నడిపే ఆరు కోడిపెట్టలు. వాటిని తన చెరువులో చేపలకి మేతగా వెయ్యమని వారం నుంచీ మావయ్య పట్టు.

"ఆ తవుడు పురుగులు తిన్నాయి, పురుగుల్ని చిన్నచేపలు, వాటినన్నిటినీ ఒక పెద్దచేప. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుప్పెడు తవుడు గంపెడు చేపైంది!"

"గంపెడేనా?" అన్నాడు టీకొట్టు తాత, గ్లాసు కడుగుతూ.

"ఆగవయ్యా, చెప్పనీ! ఆ చేపని కొంగ తింది. తిని ఎంత ఒళ్లు చేసిందంటే, రెక్క విప్పితే వీధంతా నీడే! దాని రెట్ట నీళ్లలో పడితే మళ్లీ పురుగులు, ఈసారి నా బొటనవేలంత. వాటిని తిన్న చేపలు దూడలంత! వల వేస్తే నన్నే లాక్కుపోయి చెరువు చుట్టూ ఏడుసార్లు తిప్పాయి. అప్పట్నుంచీ చెరువుకి గింజ చూపించలేదు. ఒకదాన్నొకటి తింటాయి, పెరుగుతాయి, మళ్లీ తింటాయి. మధ్యలో రవ్వంత కూడా పోదు. నీ పెట్టల్ని వేశావా, ఏడాది తిరిగేసరికి ఏనుగంత చేప!"

నాకైతే ఆ నీళ్లు కళ్లముందే తళతళలాడాయి. వెండిరంగు చేప వీపెక్కి నేను ఎక్కడికో వెళ్లిపోతున్నాను కూడా. అమ్మ గంప మూతకి కట్టిన తాడు విప్పబోయి ఆగింది.

"తమ్ముడూ, పక్క ధాన్యం కొట్లో కాటా ఉంది. ఒకసారి ఎక్కు."

మావయ్య ఛాతీ విరుచుకుని ఎక్కాడు.

"అరవై కిలోలు," అన్నాడు ధాన్యం షావుకారు. "ఆర్నెల్ల కిందట సరదాకి ఎక్కావు చూడు, అప్పుడూ అరవయ్యే."

"రోజుకి నాలుగు బన్నులు, ఆర్నెల్లు. అవన్నీ ఏమైపోయాయిరా?" అంది అమ్మ.

"అదేం ప్రశ్న అక్కా? నేను తిరగొద్దూ? ఊపిరి తీసుకోవద్దూ? ఒళ్లు వెచ్చగా ఉండొద్దూ? ఇంతసేపూ మాట్లాడానా..."

అంటూనే మావయ్య మెల్లగా కాటా దిగాడు.

"మరి నీ చేపలు ఈదవా? నా పెట్టలకి పది దోసిళ్లు వేస్తే ఒక్క దోసెడు ఒంటికి పట్టడమే గగనం. రోజూ వేసే చెయ్యిరా ఇది."

అమ్మ తాడు మళ్లీ బిగించి, గంప నెత్తికెత్తుకుని టీకొట్టు తాత వైపు తిరిగింది.

"బాబాయ్, వీడికి నాలుగో బన్ను కూడా ఇచ్చెయ్. మూడూ మాటలకే అయిపోయాయి, ఇంటికి నడవాలిగా."