పంతొమ్మిదిని తిరగేస్తే

(ఫిన్లాండ్‌లో టాంపెరె ఊరు. తైస్తో అనే పెద్దాయన అంత్యక్రియలు అయిపోయాయి. ఆయన వంటింట్లో కూతురు మెర్యా, ఆయన పాత స్నేహితుడు కలెర్వో. లెక్కల సరదా ఉన్నవాళ్లు కట్టి పంపే సంఖ్యల వరసలు సరిచూసి, వాళ్ల పేర్లతో జాబితాకెక్కించడం కలెర్వో పని.)

"ఇంకో కప్పు కాఫీ పొయ్యనా బాబాయ్?"

"వద్దమ్మా. ఇప్పటికే మూడయ్యాయి."

"అయితే ఈ నోటుబుక్కు తీసుకో. నాన్న ఆఖరి వరస. నువ్వు జాబితాలో ఎక్కిస్తే ఆయన పేరు మీద ఇంకోటి ఉంటుంది."

"చూద్దాంలే. తొందరేముంది?"

"మిగతా పదకొండూ వారం తిరక్కుండా ఎక్కించావుగా! ఒక్కదానికీ వంక పెట్టలేదు."

"ఇది... కాస్త కష్టం తల్లీ."

"కష్టమేంటి? సంఖ్యని కంప్యూటర్లో లాగా ఒకట్లూ సున్నాలుగా రాసి తిరగెయ్యడమేగా. నాకు ఏడేళ్లప్పుడే నేర్పాడు. ఆవిరి గదిలో కూర్చోబెట్టి అడిగేవాడు. పంతొమ్మిదంటే ఒకటి, సున్నా, సున్నా, ఒకటి, ఒకటి. తిరగేస్తే ఒకటి, ఒకటి, సున్నా, సున్నా, ఒకటి. ఇరవై అయిదు! తప్పు చెబితే నెత్తిన చెంబుడు చన్నీళ్లు."

"పంతొమ్మిది దగ్గర ఏం రాశాడో చూడు."

"...ఇరవై మూడు. పాపం, ఆఖర్రోజుల్లో రాసిందిగా. తలలో అంత గడ్డ పెట్టుకుని..."

"ఆఖర్రోజుల్లో మొదలైంది కాదమ్మా."

"మరి?"

"రెండేళ్ల నుంచీ ఇంతే. మొదట వరసకొక తప్పు. తర్వాత నాలుగు. పోయినేడు సగానికి సగం."

"జాబితాలో ఒక్క తప్పూ లేదే!"

"నేను దిద్దాను."

"నాన్నకి చెప్పకుండానా?"

"ఎలా చెప్పను? ఒకప్పుడు ఒక్క తప్పు చూపిస్తే నెల రోజులు మొహం చాటేశాడు. పరువుగా ఉండనిద్దాం అనుకున్నా. వయసు కదా, నాకూ చూపు మసకేగా అనుకున్నా."

"నాకైనా చెప్పాల్సింది."

"చెప్పాల్సింది. అవును, చెప్పాల్సింది. తిట్టు తల్లీ. ఊరికే అలా చూడకు."

"తిట్టడానికి నాకు నోరెక్కడిది బాబాయ్? పోయినేడు తలనొప్పంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. లెక్కల్లో ఏమైనా తడబడుతున్నాడా, అలాగైతే ఇవాళే తల స్కానింగ్ తీద్దాం అన్నాడాయన. నీ జాబితా తీసి ఆయన ముందు పెట్టి, ఇందులో ఒక్క తప్పు పట్టండి చూద్దాం అని నవ్వి, నాన్నని ఇంటికి తీసుకొచ్చేశాను."