చలిమంట దగ్గర పేతురు

డాలస్‌లో ఒక మ్యూజియం. పాత ఇటలీ చిత్రాల గదిలో విశ్రాంత తెలుగు పండితుడు సత్యం గారు, ఎమ్మెస్ చదువుతున్న ఆయన మనవడు రోహన్.

“ఇంకెంతసేపు తాతయ్యా? ఒక్క పెయింటింగ్ దగ్గరే ఆగిపోయారు.”

“కూర్చో నాయనా. ఈ పేతురు ఘట్టం మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో. ముఖం మాత్రం ఇవాళే చూశాను.”

“అబద్ధం చెప్తున్నాడు. అంతే కదా.”

“అంతే కాదు. గురువైన క్రీస్తును పట్టుకుపోయారు. నువ్వూ ఆయన మనిషివే కదా అని ఈ పనిపిల్ల అడుగుతోంది. ఎరుగనంటున్నాడు. మంట వైపు చాచిన చెయ్యి చూడు, దారిలోనే ఆగిపోయింది. స్తంభం, స్వేదం, వైవర్ణ్యం. అంటే కొయ్యబారడం, చెమట పట్టడం, ముఖం పాలిపోవడం. మన ఆలంకారికులు సాత్త్విక భావాలన్నారు వీటిని. నటిస్తే వచ్చేవి కావు.”

“మంట పక్కన కూర్చుంటే చెమట పట్టదా?”

“నీకు ఏసీలో పడుతోంది.”

“అదేం లేదు.”

“ఫోన్ మళ్ళీ మోగుతోంది. పొద్దుటినుంచి ఎవరు?”

“స్పామ్.”

“శ్యామ్ మదర్ అని కనిపిస్తోంది. మీ రూమ్మేటు తల్లే కదా? మొన్న నాకు ఉప్మా చేసిపెట్టిన అబ్బాయి.”

“వాణ్ణి నిన్న ఇమిగ్రేషన్ వాళ్ళు పట్టుకెళ్ళారు తాతయ్యా. గ్యాస్ స్టేషన్‌లో. స్టూడెంట్ వీసా మీద అక్కడ పని చేయకూడదు. వీడు నీకు తెలుసా అని నన్నడిగారు. తెలీదు, నేను కస్టమర్‌ని అన్నాను. శ్యామ్ వింటూనే ఉన్నాడు.”

“నువ్వక్కడ ఎందుకున్నావు?”

“నేను కూడా... వీకెండ్స్‌లో.”

“నిన్ను చదివిస్తున్న మీ మావయ్యకు తెలుసా?”

“చెప్పకండి, ప్లీజ్.”

“ఆ తల్లికి కొడుకు ఏమయ్యాడో తెలియదు. చూసినవాడివి నువ్వొక్కడివే.”

“చెప్తే ఆవిడ లాయర్‌ని పెడుతుంది. లాయర్ నన్ను రమ్మంటాడు. అప్పుడు నా వీసా కూడా పోతుంది. నన్నూ అలాగే తీసుకెళ్తారు. రాత్రంతా తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను తాతయ్యా.”

“మళ్ళీ ఆవిడే. ఇలా ఇవ్వు. నీకు నోరు రాకపోతే నేను చెబుతాను.”

“ఏం చెప్తారు?”

“బైబిలు వాక్యం చదువుకుని పెరిగినవాణ్ణి. ఉన్నదే చెబుతాను, ఇంకేం చెబుతాను?”

“సరే. తీసుకోండి.”

“హలో. నమస్కారమమ్మా, రోహన్ తాతను. ఏడవకండి. ఏడవకండమ్మా, నా మాట వినండి... లేదమ్మా, మావాడు ఊళ్ళోనే లేడు. పోయిన వారమే వెళ్ళాడు.”