నవలలో రాళ్ళు మోసినవాడు

ఈస్టర్ వెళ్ళింది. స్పాంజి పడవలు రేపు పొద్దున్నే బయలుదేరతాయి. సముద్రం అడుగుకి దిగి స్పాంజి కోసుకొచ్చే తమ్ముడు సకెలారిస్ మూట కడుతుంటే, తెమెలీనా వాడి పాత నవల పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

“ఇది మళ్ళీ చదివాన్రా.”

“చూశావా? అందులో వాడు కొండమీదికి రాళ్ళు మోసి ఒక్కడే చర్చి కట్టాడు. ఊరంతా నవ్వినా ఆగలేదు.”

“ఎవరికోసం కట్టాడో ఉందేమోనని వెతికాను. ఎక్కడా లేదు. వాళ్ళక్క రోజూ రొట్టెలు మోసుకెళ్ళడం మాత్రం ఉంది.”

“నీకు రొట్టెలే కనిపిస్తాయి. అందులో ఉన్నది పట్టుదల అక్కా.”

“సరే. నిన్న వీడ్కోలు విందులో, కాలు పడిపోయిన స్పాంజివాడిలా కర్ర పట్టుకుని ఆడే మన ఊరి డాన్సు ఆడావు. కర్రమీద వణుకుతుంటే ఎంత బాగా నటిస్తున్నాడో అన్నారందరూ.”

“బాగానే నటించాను మరి.”

“చివర్లో కర్ర విసిరేసి గంతులెయ్యాలి కదరా. అది రాకముందే దాహమంటూ ఎందుకు కూర్చున్నావు?”

అతను మూట ముడి విప్పి మళ్ళీ కట్టాడు.

“లోతునుంచి తొందరపడి పైకొస్తే కాళ్ళు చచ్చుబడతాయని తెలిసీ, పోయినేడు అలాగే వచ్చేశాను. అప్పట్నుంచి ఎడమకాలు నా మాట వినడం లేదు.”

“ఇంకోసారి దిగితే?”

“రెండోదీ పోతుంది. లేకపోతే నేనే పోతాను.”

“అయితే ఆగిపోరా.”

“ఆ మాట నా నోటితో అనలేనక్కా. నువ్వే వెళ్ళి కెప్టెన్‌కి చెప్పు. ఊరంతా వినేలా నిన్ను తిడతాను. పట్టించుకోకు.”

తెమెలీనా నవల వాడి మంచంమీద పడేసి రేవువైపు నడిచింది.