పదకొండు గంటల ఫోటో

నా పేరు శశికళ. వయసు నలభై ఒకటి. భర్త చంద్రశేఖర్, ఫ్యాక్టరీ బస్సు డ్రైవరు. హోసూరు దగ్గర మత్తిగిరిలో మా ఇంటి ముందు హాల్లో పిల్లల డేకేర్ నడుపుతున్నాను. తమిళం చదువుతాను, రాస్తాను. ఈ సంగతి మాత్రం తెలుగులో తప్ప చెప్పలేనన్నాను. కానిస్టేబుల్ నాగవేణి గారికి తెలుగు వచ్చు గనుక ఆమే రాసుకుంటున్నారు.

మా దగ్గర టీవీ ఉండదని చెప్పి పిల్లల్ని చేర్చుకుంటాను. బోర్డు మీద కూడా అదే రాయించాను. మట్టి బొమ్మలు, చింతగింజల ఆటలు, బొమ్మల పుస్తకాలు, మధ్యాహ్నం నిద్ర. మట్టి పనప్పుడు బట్టలు పాడవకుండా అందరికీ పైన పసుపు చొక్కా తొడుగుతాను. అది రోజంతా ఒంటి మీదే ఉంటుందని తల్లులు అనుకుంటారు. పదకొండింటికి ఒక ఫోటో తీసి వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడతాను. ఫ్యాక్టరీల్లో టీ బ్రేక్‌లో చూసుకుంటారు.

సాయంగా ఉన్న పచ్చయమ్మ మామిడి కోతలకని వేప్పనపల్లి పోయి మళ్లీ రాలేదు. పద్నాలుగు మంది పిల్లలు, నేనొక్కదాన్ని. మట్టి ఇస్తే ఒకడు తింటాడు, ఒకడు పక్కవాడి జుట్టుకు పూస్తాడు. టీవీ పెడితే ఎవరూ కదలరు. మొదట అన్నం ఉడికేంత సేపే పెట్టాను. తర్వాత పొద్దున్నుంచే పెట్టాను. సోమవారం మాత్రం చొక్కాలు తొడిగి, మట్టి ఇచ్చి, చోట్లు మార్చి కూర్చోబెట్టి వారానికి సరిపడా ఫోటోలు తీసేదాన్ని. చొక్కా ఒకటే కాబట్టి ఏ ఫోటో ఏ రోజుదో ఎవరికీ తెలియదు. తెలివైన పని చేశాననుకున్నాను. ఆ మాట ఇక్కడ చెప్పడానికి సిగ్గుగా ఉంది.

నిన్న గురువారం. నాలుగేళ్ల నేత్రను వాళ్ల అవ్వ దింపి, అటునుంచి అటే ఊరికి బస్సెక్కింది. అవ్వ దగ్గర ఫోను లేదు. తల్లి శోభన బిడ్డ లేవకముందే ఫస్ట్ షిఫ్టుకు పోయింది. నేత్ర వేసుకున్నది ఎర్ర గౌను. నేను టీవీ పెట్టాను. నేత్ర టీవీ ముందు నిలవదు. వంటింటికి వచ్చి, "మిస్సు, మట్టి ఇయ్యి. ఆవును చేస్తా" అంది. "పోయి కూచో, రేపిస్తా" అన్నాను. మళ్లీ వచ్చింది. "చెప్తే యినవా?" అని కసిరాను. ఇక రాలేదు. మాట విన్నదనుకున్నాను.

పదకొండింటికి పొయ్యి ముందు నిలబడే సోమవారం ఫోటో ఒకటి పంపాను. అందులో నేత్ర మట్టి ఆవును పట్టుకుని నవ్వుతోంది. అన్నానికి పిలిచినప్పుడు గానీ నేత్ర లేదని నాకు తెలియలేదు. గ్యాస్ బండ తెచ్చినతను గేటు తెరిచే పెట్టి పోయాడు. గడియ చూసుకోవలసింది నేను.

నేను ఫోను చేస్తే శోభన ఫ్యాక్టరీ నుంచి ఆటోలో వచ్చింది. స్టేషను నుంచి వచ్చిన ఏఎస్ఐ వరదప్ప గారు, "బిడ్డకు ఏం బట్టలమ్మా?" అని అడిగారు. శోభన ఫోను చాపింది.

"ఈడ చూడండి సార్. పదకొండుకు అక్క పంపించిన ఫోటో. పసుపు చొక్కా. అప్పటిదాకా బిడ్డ ఈడనే ఉండాది. దూరం పోయుండదు. కదక్కా?"

నేను తలూపాను. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఎర్ర గౌను అంటే ఫోటో అబద్ధమని తేలిపోతుంది. బిడ్డ తప్పిపోయిందని చాటడానికి మైకు కట్టిన ఆటో బయలుదేరింది. పసుపు చొక్కా పాప, పసుపు చొక్కా పాప అని తమిళంలో, తెలుగులో, కన్నడలో చెప్పుకుంటూ పోయింది. మూడు భాషలూ నాకు వచ్చు. మూడింటిలోనూ అది నా అబద్ధమే.

ఆటో రెండోసారి మా వీధికి వచ్చేసరికి శోభన పక్కింటి నీళ్ల సంపు మూత తీయించి, మోకాళ్ల మీద వంగి, లోపల పసుపు రంగు కోసం చూస్తోంది. ఇక నాకు నోరు మూసుకోవడం చేతకాలేదు.

"శోభనా, పసుపు కాదమ్మా. ఎర్ర గౌను. ఆ ఫోటో సోమవారంది" అన్నాను.

ఆమె నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మళ్లీ వంగి, ఈసారి ఎర్ర రంగు కోసం చూసింది.

మైకులో మాట మార్చారు. కాసేపటికే పశువుల ఫారం రోడ్డులో గడ్డి అమ్మే కెంచమ్మ నేత్రను చంకనేసుకొని వచ్చింది. బిడ్డకు దెబ్బలేమీ లేవు.

"ఆవుల్ని చూస్తా కూచోనుండె. మైకు యిన్నానమ్మా. పసుపు చొక్కా అంటిరి. ఈ బిడ్డ కాదులే, దీని వాళ్లు వస్తారులే అనుకుంటిని" అని కెంచమ్మ నొచ్చుకుంది. ఆమె తప్పేమీ లేదు. అది కూడా రాసుకోమన్నాను.

శోభన బిడ్డను ఒళ్లో పెట్టుకుని మా మెట్టు మీద కూర్చుంది. నేను పంపిన ఫోటోలన్నీ ఫోనులో దాచుకుందట. మా బిడ్డ టీవీ చూడదని ఫ్యాక్టరీలో అందరికీ చూపించేదట. ఒక్కొక్కటే తీసి నా ముందు పెట్టింది. "ఇది నిజమేనా అక్కా? మరి ఇది?" అని అడిగింది. గుర్తు లేదన్నాను. నిజంగానే గుర్తు లేదు.

నన్నెవరూ భయపెట్టలేదు. రాసినది చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. ఇందులోని ప్రతి మాటా నిజమని ఒప్పుకుని సంతకం పెడుతున్నాను. శోభన నమ్మకపోతే నేను తప్పు పట్టను.

(సం.) శశికళ
మత్తిగిరి